వంతెన ఖాళీ

నేల ఒరుగుతుంది.

ముందు ఎడమ రెక్క కిందికి దిగుతుంది. నది పక్కకు జారుతుంది. పొలాలు నిలువుగా లేచి నిలబడతాయి... కడుపులో ఏదో తేలిపోతుంది. కుర్చీ మాత్రం కదలదు. అది మా హాల్లో, కిటికీ పక్కన, బట్టల బీరువాకు ఆనుకుని ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం. కర్టెన్లు వేసి ఉన్నాయి. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, రెండు జాయ్‌స్టిక్‌లు. ఒకదాని ముందు నేను. పక్కదాని ముందు మావయ్య — నా భర్త తండ్రి.

మేమిద్దరం యుద్ధానికి వెళ్తాం.

ఉత్తుత్తి యుద్ధమే. కంప్యూటర్లో విమానాల ఆట. నేల మీద చెట్ల కింద దాక్కున్న శత్రువుల లారీలను పైనుంచి వెతకాలి, కనిపెట్టాలి, కొట్టాలి. కొట్టడం తేలిక. వెతకడమే పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా తిరిగినట్టు ఉంటుంది. లారీ సరిగ్గా ముక్కు కిందే ఉంటుంది, కనపడి చావదు.

"ఇల్లు ఊడ్చమంటే ఇద్దరూ కలిసి ఆకాశం ఊడుస్తారు" అంటుంది అత్తయ్య, చీపురుతో మా కాళ్ళ పక్కనుంచి వెళ్తూ.

వెతకడం నాకు మావయ్యే నేర్పారు. చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

పెద్దదాని నుంచి చిన్నదానికి రావాలమ్మాయ్. ముందు నది. నది మీద వంతెన. వంతెన దిగితే రోడ్డు. రోడ్డుకు ఒక వంపు. వంపు దగ్గర చెట్లు. చెట్ల కింద నీడ. ఆ నీడలో ఏదైనా మరీ తిన్నగా ఉందా... చెట్లకు గీతలు గీయడం రాదు. తిన్నగా ఉందంటే అది మనిషి తెచ్చి పెట్టిందే.

తొందర పడకు. తిరుగు. మళ్ళీ తిరుగు.

బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళు కదా, నాకు త్వరగానే అబ్బింది.

మాతోపాటు ఇంకో నలుగురైదుగురు ఎవరిళ్ళలోంచి వాళ్ళు ఎగురుతారు. ముఖాలు తెలియవు. చెవుల్లో గొంతులు మాత్రం వినిపిస్తాయి. జట్టుకు పెద్ద ఒక కళ్ళజోళ్ళ షాపాయన. అందరికీ పేర్లు ఆయనే పెట్టాడు. నేను పిచ్చుక. మావయ్య గద్ద.

ఆ పేరు ఊరికే రాలేదు. మేమంతా తిరిగి తిరిగి తల వాచి ఉంటే, "వంపు దాటాక మూడో చెట్టు" అనేవారు మావయ్య తాపీగా. చూస్తే అక్కడే ఉండేది లారీ.

ఆటలో ఒక వెసులుబాటు ఉంది. కావాలంటే ప్రతి లారీ నెత్తి మీదా చిన్న అక్షరాలు తేలేలా పెట్టుకోవచ్చు — శత్రువులవి ఎర్రగా, మనవి నీలంగా. కొత్తవాళ్ళు పెట్టుకుంటారు. మావయ్యకు అవంటే మంట. "అక్షరాలు పెట్టుకుని ఎగరడం పెళ్ళీడుకొచ్చి నడకబండి తోసుకోవడం లాంటిది" అనేవారు.

మిగతా రోజుల్లో ఆయన స్కూలు వ్యాన్ నడుపుతారు.

పచ్చటి వ్యాన్. పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తారు, అద్దాలు సరిచూసుకుంటారు. పిల్లలందరికీ ఆయన తాతే. జ్వరమొచ్చి తగ్గిన పిల్లను స్కూలుకు పంపడానికి ఆలోచించే తల్లులు కూడా, తాత వ్యాన్ అనగానే నిశ్చింతగా లోపలికి వెళ్ళిపోతారు. మా పాప కూడా అందులోనే వెళ్తుంది, డ్రైవర్ సీటు వెనకే కూర్చుని.

కొన్నాళ్ళుగా గద్ద తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

నదిని దాటుతుంది. వెనక్కి వస్తుంది. మళ్ళీ దాటుతుంది.

మావయ్య చొక్కా అంచుతో తెర తుడిచేవారు. మెడ వంచి చూసేవారు. తెరలో లోపముంది అన్నారు. కొత్తది తెచ్చాం. వెలుతురు పడుతోంది అన్నారు. మందం కర్టెన్లు వేశాం. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మావయ్యా" అని నేనే వేళాకోళం చేశాను. ఆయన కూడా నవ్వారు.

ఒకరోజు మంచినీళ్ళిద్దామని ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళాను.

ఆయన తెర మీద ఎర్రటి అక్షరాలు.

చెట్ల మీద, రోడ్డు మీద, చీమల బారులా.

ఆయన వేలు చటుక్కున కదిలింది. అక్షరాలు మాయమయ్యాయి. "పొరపాటున చెయ్యి తగిలిందమ్మా" అన్నారు, నా వైపు చూడకుండా. నేను గ్లాసు పెట్టేసి నా కుర్చీలోకి వచ్చాను. అంతకు ముందైతే ఆ విషయం మీద వారం రోజులు ఆటపట్టించేదాన్ని.

ఆ తరువాతి ఆదివారం పెద్ద దాడి. అక్షరాలు ఎవరూ పెట్టుకోకూడదని షాపాయన ముందే చెప్పాడు. నదికి అటువైపు శత్రువుల లారీలు. ఇటునుంచి మనవి బయల్దేరి వస్తున్నాయి. శత్రువులు వంతెన దాటేలోపు మనం వంతెన కూల్చాలి. మనవాళ్ళు వంతెన ఎక్కేశారంటే మాత్రం కూల్చకూడదు.

మావయ్య ముందు. నేను ఆయన వెనక, పైన, మబ్బు అంచున.

"గద్దా, వంతెన మీద మనవాళ్ళెవరన్నా ఉన్నారా?" అడిగాడు షాపాయన.

"లేరు. వంతెన ఖాళీ."

"మళ్ళీ చూసుకోండి."

"చూశానయ్యా. ఖాళీ."

నేను మబ్బులోంచి బయటికొచ్చాను. వంతెన కనిపించింది. నోరు తెరిచాను...

బాంబు అప్పటికే జారిపోయింది.

మంట లేచింది. మంటలో మా లారీలు, ఒకదాని వెనక ఒకటి.

చెవుల్లో ఒకటే నవ్వులు. "గద్దగారూ, మనల్నే తన్నుకుపోయారేంటండీ!" అన్నారెవరో. ఇంకెవరో ఈల వేశారు. ఆటే కదా. మావయ్య మాత్రం చొక్కా అంచుతో మళ్ళీ తెర తుడిచారు.

ఆడినదంతా ఆట దానంతట అదే రికార్డు చేసి ఉంచుతుంది. ఆయన ఎక్కడ కూర్చుని ఏం చూశారో, సరిగ్గా అదే మళ్ళీ వేసి చూడొచ్చు. వేశాను. వంతెన దగ్గరికి వస్తోంది. మధ్యకు కాస్త ఎడమగా లారీలు... పెద్దవి, పట్టపగలు, దాక్కోనివి.

మావయ్య ముందుకు వంగి చూశారు.

"ఇందాక ఇవి లేవు" అన్నారు.

అబద్ధం చెప్పడం లేదు. ఆయన అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి, నాకు తెలుసు.

అందరూ వెళ్ళిపోయాక షాపాయన గొంతు మా ఇద్దరి చెవుల్లో మిగిలింది. నవ్వు లేదు అందులో. "పెద్దాయనా, ఏమీ అనుకోకండి. రేపే ఒకసారి కళ్ళు చూపించుకోండి. చూపులో చిల్లు పడితే నల్లగా కనపడదండీ. చుట్టూ ఉన్నదాంతో మనసే అతుకు వేసేస్తుంది. మనకు తెలియను కూడా తెలియదు."

"వాడికి కళ్ళజోడు అమ్ముకోవాలి" అన్నారు మావయ్య, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేస్తూ.

చూపు పోవడమంటే చీకటి రావడమనుకున్నాను ఇన్నాళ్ళూ.

మావయ్యకు చీకటి రాలేదు. వంతెన వచ్చింది. చక్కటి వంతెన, ఎండలో, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా.

తెల్లవారితే సోమవారం, బడి ఉన్న రోజు.

"రేపు సెలవు పెట్టండి మావయ్యా. ఆస్పత్రికి వెళ్దాం" అన్నాను.

"బొమ్మలారీ కాల్చానని బండి దిగిపొమ్మంటావా?" ఆయన ఎప్పుడూ నా మీద గొంతు పెంచలేదు. ఆ పూట పెంచారు. "ఇన్నేళ్ళలో నా బండికి ఒక్క గీత పడిందా? చెప్పు. పడిందా?"

పడలేదు.

మా ఆయనతో చెప్పాను. "గోరంతను కొండంత చెయ్యకు. నాన్న కళ్ళు మూసుకున్నా ఆ రోడ్డు మీద నడపగలడు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు చెమట పట్టింది.

ఆ సాయంత్రమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. వంటింట్లోకి, హాల్లోకి, బాల్కనీలోకి... కింద వ్యాన్ నిలబడి ఉంది. శుభ్రంగా, బుద్ధిగా.

తెల్లవారింది.

"పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇవాళ పంపను" అన్నాను.

మావయ్య పాప నుదుటి మీద చెయ్యి పెట్టారు.

చల్లగా ఉంది.

ఆయన నా వైపు చూశారు. తిట్టినా బాగుండేది. మేకుకున్న తాళంచెవి తీసుకుని మెట్లు దిగిపోయారు.

నా పిల్లను ఆపేసుకున్నాను. హమ్మయ్య అనుకోబోయాను.

మిగతా పిల్లలు... గేట్ల దగ్గర, నీళ్ళ సీసాలు మెడలో వేసుకుని, సగం నిద్రలో నిలబడి ఉంటారు. వాళ్ళ తల్లులకు వంతెన సంగతి తెలియదు. నాకు తెలుసు. నా మీద నాకే అసహ్యం వేసింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాను.

వ్యాన్ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. ఆయన బండి స్టార్ట్ చేశారు.

ఎంత బాగా నడుపుతారో! మలుపు దగ్గర వేగం తగ్గించారు. అద్దం చూసుకున్నారు. కుక్కకు దారి ఇచ్చారు. నాకు సిగ్గేసింది. పెద్ద మనిషిని అనుమానించానే అనుకున్నాను. అయినా కళ్ళు ఊరుకోవడం లేదు. రోడ్డు. రోడ్డు పక్కన ఆగిన కార్లు. కార్ల మధ్య సందు. సందులో ఒక కాలు... ఎవరో స్కూటర్ తుడుచుకుంటున్నారు. షట్టర్ ఎత్తుతున్న మనిషి. నీళ్ళ డబ్బాల బండి. వెతుకుతున్నాను. కొట్టడానికి కాదు, ఎవరికీ తగలకుండా ఉండడానికి.

మొదటి గేటు వచ్చింది. నీలం రంగు గేటు, పక్కన పొడుగాటి గోడ.

మావయ్య బండి నెమ్మదించారు. ఎడమకు ఒకసారి చూశారు.

"ఈ పిల్ల ఇవాళ రాలేదు" అన్నారు. గేరు మార్చారు.

పిల్ల ఉంది.

గోడకు ఆనుకుని ఉంది. ఎర్ర బ్యాగు. చెయ్యి ఊపుతోంది. బండి కదలడం చూసి పరుగెత్తుకొస్తోంది — ముందు చక్రం వైపు...

"ఆపండి మావయ్యా!"

బండి కుదుపుతో ఆగింది. నా నుదురు అద్దానికి తగిలింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. నీళ్ళ సీసా, ఎర్ర బ్యాగు, ఆయాసపడుతున్న రెండు జడలు ఒకదాని వెనక ఒకటి లోపలికి వచ్చాయి.

"తాతా, మొన్న కూడా ఇంతే, నన్ను వదిలేసి వెళ్ళిపోయావు. అమ్మ నీ వెనకాల ఎంత పరుగెత్తిందో!" అంది పిల్ల నవ్వుతూ. తాత ఆడుతున్నాడనుకుంటోంది.

మావయ్య రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఉన్నారు.

"గోడ కనిపించిందమ్మా" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "మొత్తం గోడ. గేటు, గేటు పక్కన పూలకుండీ... అన్నీ కనిపించాయి."

ఇంజిన్ ఆపేశారు.

నాకు విమానం నడపడం వచ్చు. వ్యాన్ రాదు. ఆ క్షణంలో అది గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. ముందు గేట్ల దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఫోన్ తీశాను. ఏ తల్లికి ముందు చెప్పాలి, ఏమని చెప్పాలి... మొన్నటి సంగతి కూడా చెప్పాలా?

"అమ్మాయ్..."

"చెప్పండి మావయ్యా."

"ఇన్నాళ్ళూ నాకు కనిపించిన ఖాళీ రోడ్లన్నీ..."

ఆగిపోయారు. ఆయన చెవుల వెనక ఎవరో పిండినట్టు చెమట కారుతోంది. వెనక సీట్లో పిల్ల ఏదో పాట పాడుకుంటూ కాళ్ళు ఊపుతోంది. మావయ్య తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. కళ్ళు మాత్రం ముందు అద్దంలోంచి మరల్చలేదు.

"ఇప్పుడు అక్కడెవరైనా ఉన్నారా, చూసి చెప్పు" అన్నారు.

చూశాను.

ఎండ. రోడ్డు. రోడ్డుకు అడ్డంగా స్తంభాల నీడలు. ఎవరూ లేరు.

"ఖాళీ" అనబోయి ఆగాను... మళ్ళీ చూడడం మొదలుపెట్టాను.