కనపడే కుట్టు

కోటు మోచేతి చిల్లు మీద అతని సూది అప్పటికే సగం దూరం నడిచింది. కోటు లోపలి మడత నుంచి లాగిన పోగునే సూదికెక్కించి, నేత పోగుల్లో ఒకదాని పైనుంచి, మరొకదాని కిందినుంచి పోనిస్తున్నాడు. పోగు పోగుకీ సణుగుతున్నాడు. కిటికీ వెలుతురు చాలదని, కుర్చీ కిర్రుమంటోందని, ఈ ఉన్ని నేసినవాడికి బుర్ర లేదని.

చిరుగు కనపడకుండా పోగులల్లే రఫ్ఫు పని తప్ప అతనికి మరొకటి రాదు. పాత బట్టలను బాగుచేసి తిరిగి అమ్మే ఈ దుకాణంలో అందరికీ అతను రఫ్ఫు మామయ్య. చాటున సణుగుడు మామయ్య. బొత్తాలు కుట్టే ఆవిడకు ఆ చాటు కూడా అక్కర్లేదు.

"ఇవాళ సణుగుడు ఆలస్యంగా మొదలైంది, ఒంట్లో బాగానే ఉందా మామయ్యా?"

"ముందు నీ నోటికో బొత్తాం కుట్టుకో."

అతని బూడిదరంగు స్వెట్టరుకే మోచేతి దగ్గర చిల్లుంది. "లోకంలో చిరుగులన్నీ కనపడతాయి మీకు, మీ మోచెయ్యి తప్ప," అని భార్య ఆ ఉదయం కూడా దెప్పింది.

దుకాణం నడిపే అమ్మాయి ఒక చొక్కా తెచ్చి బల్ల మీద పరిచింది.

"బాబాయ్, ఇదీ తిరిగొచ్చింది."

మెడ దగ్గర చీటీ వేలాడుతోంది: చేత్తో బాగుచేసిన చొక్కా. కొన్నవాళ్ళు దాన్ని తిరగేసి మరగేసి వెతికారు. బాగుచేసిన చోటు దొరకలేదు. అబద్ధం చెప్పి అంటగట్టారని మండిపడి పంపేశారు.

"కనపడకూడదనే కదమ్మా కుట్టింది!"

"ఇకమీదట కనపడాలి బాబాయ్. ఎర్ర దారంతో కుట్టండి."

"కొత్తదేదీ వాడొద్దంటివే. ఈ ఎర్ర దారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"మిల్లువాళ్ళు పారేస్తున్న ఉండలు. అడిగి తెచ్చాను."

ఈ పిల్ల దగ్గర అన్నిటికీ జవాబుంటుంది. అదే అతనికి ఒళ్ళుమంట.

"చిరుగు దాచేస్తే చిరగడం తప్పనుకుంటారు," అందామె. "సిగ్గుపడి ఇంకో కొత్తది కొంటారు. దాన్ని ఎక్కడో ఎవరో చేతులు పుండ్లు పడేలా కుట్టి ఉంటారు. ఈ కోటు రేపు వెళ్ళాలి బాబాయ్. మీకిష్టం లేకపోతే ఇలాంటివన్నీ మిషన్ మీద కుట్టిస్తాను. బలవంతమేం లేదు."

మిషన్! ఆ మెత్తని ఉన్ని మీద! అతను కోటును దగ్గరికి లాక్కున్నాడు.

ఈ దుకాణానికి రాకముందు తన దగ్గరికి రఫ్ఫుకు వచ్చినవాళ్ళు గుర్తొచ్చారు. చిల్లు లోపలికి పోయేలా బట్టను మడిచి తెచ్చేవారు. గొంతు తగ్గించి మాట్లాడేవారు. పని పూర్తయ్యాక వాళ్ళ ముఖాలు తేలికపడేవి. అన్నేళ్ళూ తను బాగుచేసింది బట్టనా, వాళ్ళ సిగ్గునా? బాగుచేశాడా, పెంచి పోషించాడా? చిరాకు రెట్టింపయింది.

కుట్టినదంతా విప్పి, ఎర్ర దారం ఎక్కించాడు. చెయ్యి మాట వినలేదు. కుట్లు సన్నగా, దగ్గర దగ్గరగా పడి, ఎరుపంతా ఉన్నిలోకి అణిగిపోయింది.

"ఇంకా కనపడట్లేదు బాబాయ్. కొంచెం పాడుగా కుట్టండి."

"పాడుగా కుట్టడం నాకెవరూ నేర్పలేదమ్మా. నేర్పేవాళ్ళుంటే చెప్పు, వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

మళ్ళీ విప్పాడు. మళ్ళీ అదే అయింది. పరాయి బట్టను పాడుచేయడానికి చెయ్యి రావడం లేదని అప్పుడు తెలిసింది. విసురుగా తన స్వెట్టరు విప్పి, మోచెయ్యి బల్ల మీద పరిచాడు. లావుపాటి ఎర్రటి కుట్లు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పక్కకు ఒరిగి. చిల్లు మూసుకుంది. స్వెట్టరును కుర్చీ వీపుకు తగిలించి, కోటు అందుకున్నాడు. ఈసారి సణగలేదు.

కోటు మోచేతి మీదా అలాంటి ఎర్రటి కుట్లే పడ్డాయి; వెలుతురుండగానే పని పూర్తయింది. కోటు మడిచి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాడు.

"మామయ్యా, స్వెట్టరు మరిచిపోయారు!"

"ఉండనీ. రేపు వేసుకుంటాలే."

ఆ రాత్రి నిద్రలోనే పోయాడు. కోటు పంపేసిన తర్వాత కబురొచ్చింది.

కొన్నాళ్ళకు అతని భార్య వచ్చి సూదుల డబ్బా, కళ్ళజోడు సంచిలో వేసుకుంది. కుర్చీ వీపుకున్న స్వెట్టరు తీసి, అలవాటుగా మోచెయ్యి తిప్పి చూసింది. ముఖం చిట్లించింది.

"స్వెట్టరు ఆయనదే. ఈ కుట్టెవరు కుట్టారమ్మా?"

"బాబాయే," అంది ఆ అమ్మాయి.

"ఊరుకోమ్మా, ఆయన కుడితే కనపడదు. ఎవరి చేతిపనో ఇది. ఇంటికి పట్టుకెళ్తే ఇల్లెగిరిపోయేలా సణుగుతాడు."

స్వెట్టరును తిరిగి కుర్చీకే తగిలించింది. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కుర్చీ మీద స్వెట్టరు అలాగే ఉంది. ఎర్రటి మోచెయ్యి గుమ్మం నుంచే కనపడుతోంది.