చిన్నకోడలి అనుభవం

బయోడేటాలో పన్నెండేళ్ళ ఖాళీని దేనితో పూడ్చాలన్నది ఆ ఆదివారం వాళ్ళింట్లో తెగని సమస్య అయి కూర్చుంది.

భర్త వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఆ ఇంటికి ఉన్న బల్ల అదొక్కటే. తినడం దాని మీదే, కూరలు తరగడం దాని మీదే, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడమూ దాని మీదే. చిన్నకోడలు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"పాప పుట్టాక చదివిన వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాసు. ఆ తర్వాత ఏడాది పాటు కాలేజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరు. బాగానే ఉంది. ఆ తర్వాత ఏం రాయను?"

"ఆ తర్వాత ఏముంది? అత్తయ్య."

"అలా రాయలేం కదా."

"జరిగింది అదే కదా."

"అది పని కిందకి రాదు" అన్నాడు అతను, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. కష్టపెట్టాలని అన్న మాట కాదు. ఫారంలో అలాంటి గడి లేదని అన్నాడంతే. అందుకే మరికాస్త లోతుగా దిగింది.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన వారంలోనే పెద్దకోడలికి నడుంనొప్పి పట్టుకుంది. పదకొండేళ్ళ తర్వాత అత్తగారు కన్నుమూసిన వారంలో ఆ నొప్పి వదిలింది. మధ్యలో జరగాల్సిందంతా చిన్నకోడలి చేతుల మీదుగా జరిగింది. చూడవచ్చిన బంధువులు మంచం పక్కన కుర్చీ వేసుకుని, "చేస్తే చిన్నకోడలే చెయ్యాలి" అని మెచ్చుకుని, టీ తాగి వెళ్ళేవారు. అలా మెచ్చుకుని మెచ్చుకుని ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయారు. ఇప్పుడు కూడా ఫోన్ చేసినవాళ్ళు "చిన్నకోడలు ఎలా ఉంది?" అనే అడుగుతారు. ఎవరికి కోడలో, ఆ మనిషే లేదు.

భర్త ఉద్యోగం పుణ్యమా అని ఈ దేశం వచ్చి పదకొండు నెలలు. వచ్చిన ఏడో నెలలో కంపెనీ ఇక్కడి శాఖను ఎత్తేసింది. వచ్చే నెలాఖరుతో వాళ్ళ అనుమతి కార్డులకు గడువు తీరిపోతుంది. ఆలోగా ఇద్దరిలో ఎవరో ఒకరు ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం చూపించాలి. చూపించకపోతే సామాను సర్దుకోవాలి. కూతురు బడి చివరి ఏడాదిలో ఉంది, పరీక్షలకు ఇంకా ఆరు నెలలు.

భర్తను సగం చోట్ల అనుభవం మరీ ఎక్కువని వద్దన్నారు, సగం చోట్ల ఇక్కడి అనుభవం లేదని వద్దన్నారు. ఆమెను అన్ని చోట్లా అసలు అనుభవమే లేదన్నారు.

"మీది కాస్త నాకు పోస్తే ఇద్దరికీ సరిపోయేది" అంది చిన్నకోడలు.

అతను నవ్వలేదు. నాలుగు నెలలుగా అతనికి నవ్వు అనేది ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్ళ కోసం దాచిపెట్టుకునే వస్తువైపోయింది.

దారి చూపించింది పై అంతస్తులో ఉండే వదిన. వరస కలిసిన వదినేం కాదు. మెట్ల మీద మన మాట వినిపించగానే కలుపుకున్న వరస. ఆమె రెండేళ్ళుగా ఒక ముసలివాళ్ళ హోమ్‌లో బట్టలుతికే యంత్రాల దగ్గర పని చేస్తోంది.

"మా దాంట్లో మనుషుల్ని చూసుకునే పని ఒకటి ఖాళీ అయింది వదినా. ముందు మూడు రోజులు ట్రయల్ చూస్తారు. మీరు మీ అత్తగారికి చేసిన దాంట్లో పావు వంతు చేస్తే చాలు, కళ్ళకద్దుకుని తీసుకుంటారు."

"ఇంట్లో చేసింది లెక్కలోకి రాదంటున్నారు."

"నోటితో చెప్తే రాదు. చేతులతో చూపించండి. ఒక్క పూట చూశారంటే నోరు మూసుకుంటారు. అన్నయ్యగారిని మాత్రం ఆ బయోడేటాలో ఎమ్మెస్సీ తీసెయ్యమనండి. చదువుకున్నవాళ్ళు మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా ఆలోచిస్తారని వాళ్ళ భయం."

ఎమ్మెస్సీ, దాంతోపాటు ల్యాబు ఉద్యోగం తీసేశారు. అవి పోతే బయోడేటాలో చిరునామా, ఫోన్ నంబరు మిగిలాయి.

ఒక్క ఉద్యోగానికి పంతొమ్మిది మంది వచ్చారు. హోమ్ నడవాలో బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్న పొట్టావిడ తన దేశంలో పళ్ళ డాక్టరట. ఆ పక్కనున్నామె ప్లీడరు. పక్కలు మార్చి మలం గిన్నెలు కడిగే పనికి ముగ్గురూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చెప్పులు తుడుచుకుని వచ్చారు. కళ్ళజోడుకు గొలుసు వేలాడేసుకున్న ఇన్‌చార్జి ఒక్కొక్కరినీ అయిదేసి నిమిషాలు చూసింది.

"ఈ పని ఎప్పుడైనా చేశారా?"

"మా అత్తగారిని చూసుకున్నాను. పదకొండేళ్ళు."

"సంస్థలో?"

"ఇంట్లో."

ఇన్‌చార్జి ఏదో రాసుకుంది. అయినా సాయంత్రానికి ట్రయల్‌కు పిలిచిన ఇద్దరిలో ఆమె ఉంది. రెండో మనిషి పళ్ళ డాక్టరు. ఇద్దరికీ పన్నెండు పేజీల నియమాల పుస్తకం ఇచ్చి చదువుకుని రమ్మన్నారు. చిన్నకోడలు అది పరీక్షకు చదివినట్టు రెండుసార్లు చదివింది. చేతులు ఎలా కడుక్కోవాలో, మనిషిని ఎలా ఎత్తి కూర్చోబెట్టాలో అన్నీ ఉన్నాయి. నాలుగో పేజీలో, ఎవరి పనులు వాళ్ళే చేసుకునేలా ప్రోత్సహించాలి అని ఉంది. ఆఫీసు గోడలకు తగిలించే సూక్తుల్లాంటిది కాబోలు అనుకుంది. లంచం అడగరాదు అని రాసిన బోర్డు కిందే కూర్చుని అడిగేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది.

ఆమెకు అప్పగించిన గదిలో ఉన్నది ఒకప్పటి లెక్కల టీచరు. డెబ్బై దాటిన మనిషి. అయిదు నెలల క్రితం పక్షవాతం. కుడిచెయ్యి సగం పని చేస్తుంది, మాట బాగా ఆలస్యంగా వస్తుంది. చిన్నకోడలు వెళ్ళేసరికి ఆవిడ మంచం అంచున కూర్చుని స్వెట్టరు బొత్తాలు పెట్టుకుంటోంది. అయిదు బొత్తాలు. మొదటిది కాజా దాకా వచ్చి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. పళ్ళ మధ్య నాలుక బిగించి, తల ఒక పక్కకు వంచి, ఆ బొత్తాన్నే చూస్తోంది. మళ్ళీ జారింది.

చిన్నకోడలు చూడలేకపోయింది. గబగబా వెళ్ళి, ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అయిదూ పెట్టేసింది. పదకొండేళ్ళు జాకెట్టు హుక్కులు పెట్టిన చేతులు. వాటికి అయిదు బొత్తాలు ఒక లెక్కా?

టీచరు ఏదో అనబోయింది. "నే... నే..."

"నేనున్నాగా, మీరు శ్రమపడకండి" అంది చిన్నకోడలు, ఇక్కడి భాషలో నోరు తిరిగిన నాలుగు ముక్కల్లో.

ఆ రోజు టీచరుకు తల దువ్వింది. కాళ్ళకు మేజోళ్ళు తొడిగింది. పళ్ళెంలోవి చిన్న ముక్కలుగా కోసి, చెంచాతో నోటికి అందించి, పెదవి చివర కారినది తుడిచింది. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. మర్నాడు అలమరలో బట్టలు మడతలు సర్దింది, గోళ్ళు తీసింది. మూడు రోజుల్లో ఆవిడ చెయ్యి చాచే అవసరం రాకుండా చూసింది. గ్లాసు కోసం చూపు తిరిగేలోపే గ్లాసు పెదవుల దగ్గర ఉండేది. మంచి సేవంటే అదే. అడిగాక చేసేది సేవ కాదని వాళ్ళమ్మ చెప్పి పంపింది.

ఎదుటి గదిలో పళ్ళ డాక్టరు వాలకం చూసి ఆమెకు కడుపు రగిలిపోయింది. అక్కడి ముసలాయన మేజోడు తొడుక్కోవడానికి పావుగంటగా అవస్థ పడుతున్నాడు. ఈవిడ చేతులు వెనక్కి కట్టుకుని, గోడకు ఆనుకుని చూస్తోంది. ఆయన వేళ్ళకు తగులుకున్న మేజోడు ఊడి కింద పడితే, వంగి తీసి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది.

"బండగుండె మనిషి" అని ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. "పళ్ళు పీకిన చేతులు కదా, జాలి ఎక్కడుంటుంది?"

"అయితే నీకే వచ్చేస్తుంది" అన్నాడు భర్త. చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఇన్‌చార్జి గదిలోకి పిలిచింది. ఎదురుగా కుర్చీ చూపించింది. పని శుభ్రంగా ఉందంది. ఆ గది అంత నీటుగా ఎప్పుడూ లేదంది. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుంది.

"నియమాల పుస్తకం చదివారా?"

"చదివాను."

"అర్థమైందా?"

"ప్రతి మాటా."

"నాలుగో పేజీ?"

ఇన్‌చార్జి ఒక చార్టు ముందుకు తోసింది. టీచరు రోజూ తనంతట తాను ఏమేం చేసిందో రాసే చార్టు అది. పోయిన వారమంతా టిక్కులు. బొత్తాలు మూడు, బొత్తాలు నాలుగు, ఒక రోజు అయిదూ. చెంచా, దువ్వెన, గ్లాసు. చివరి మూడు రోజుల గళ్ళూ తెల్లగా ఉన్నాయి. ఆ చార్టు కింద ఇంకో కాగితం ఉంది. దాని మీద ఎడమచేత్తో రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు రెండు వరసలు.

ఈమె మంచి మనిషి. నా చేతులు నాకు ఇవ్వడం లేదు.

"ఇది రాయడానికి ఆవిడకు గంటన్నర పట్టింది" అంది ఇన్‌చార్జి. "నేను పక్కనే కూర్చున్నాను. సాయం చెయ్యలేదు."

"నేను సుఖంగా ఉంటుందనే..."

"తెలుసు. మీరంతా అలాగే అంటారు. కదపని చెయ్యి బిగుసుకుపోతుంది. మొదట్లోనే కదపాలి, ఏడాది తిరిగేలోపు. ఆ తర్వాత మనం నెత్తిన పెట్టుకుని చూసుకున్నా ఆ చెయ్యి వెనక్కి రావడం చాలా కష్టం."

"ఏడాదేనా?"

"సుమారుగా. ఎందుకు?"

"ఊరికే."

ఇన్‌చార్జి ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, అది ఉద్యోగం పోయిన బాధే అనుకుంది. మెత్తబడింది. సొరుగు లాగి ఒక ఫారం తీసింది.

"మనుషుల దగ్గరికి మిమ్మల్ని పంపలేను. కానీ లాండ్రీలో నిన్న ఒకామె మానేసింది. దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టే పని. మీ మడతలు చూశాను. అక్కడ మీరు ఎంత చేసినా ఎవరికీ నష్టం లేదు. వస్తారా?"

వస్తానంది. రానని చెప్పే దారి ఆమెకు ఏదీ? ముద్ర వేసిన కాగితం చేతికొచ్చింది. నడవాలో పళ్ళ డాక్టరు కొత్త బ్యాడ్జీ గుచ్చుకుంటూ ఎదురైంది. ఈమెను చూసి తలుపు తెరిచి పట్టుకుంది. చిన్నకోడలు ఆ తలుపులోంచి బయటికి వచ్చేసింది.

బస్సులో సీటు దొరికింది. కాగితం సంచీలో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. మొదటి ఏడాది అంటే ఏ రోజులవి? అత్తగారు కుడిచేత్తో గ్లాసును తన వైపు లాక్కోబోయి ఒళ్ళంతా తడుపుకున్న రోజులు. దువ్వెన పట్టుకుని, ఎత్తలేక, చెవి దగ్గరే ఆపేసిన రోజులు. ఎన్నిసార్లు? పది సార్లా, నలభై సార్లా? ప్రతిసారీ తను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది, నేనున్నాగా అత్తయ్యా అంటూ. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెచ్చుకునేవాళ్ళు. రెండో ఏడాదికి ఆవిడ దేనికీ చెయ్యి చాపలేదు. చిన్నకోడలు అన్నీ చేతికందిస్తుంటే ఆవిడకు ఏ లోటూ లేదన్నారు. చివరికి ఆ వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి, స్నానం చేయించేటప్పుడు ఒక్కొక్కటే విప్పి గోళ్ళ గాట్లకు మందు రాయాల్సి వచ్చేది. అది కూడా తనే ఎంతో ఓపికగా రాసింది.

ఒకవేళ ఆ చెయ్యి అప్పటికే పోయిందేమో. ఏం చేసినా వచ్చేది కాదేమో. డాక్టరు ఏమన్నాడో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. వ్యాయామం లాంటిదేదో చెప్పినట్టే ఉంది. ఇంత పని మధ్య అదొకటా అని అప్పుడు ఎవరో అన్నట్టూ ఉంది. ఆ అన్నది తనేనేమో. ఒక స్టాపు దాటిపోయాక దిగింది.

భర్త కాగితం రెండుసార్లు చదివి, ఫోన్‌తో ఫోటో తీసి, అప్పుడే ల్యాప్‌టాప్ తెరిచాడు. అనుమతి పొడిగింపు ఫారం పాతిక పేజీలుంటుంది. కూతురు లోపలి గదిలోంచి తొంగి చూసి, వెళ్ళక్కర్లేదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగి, మళ్ళీ పుస్తకాల దగ్గరికి వెళ్ళిపోయింది.

"లాండ్రీ అయితేనేం, ఉద్యోగం ఉద్యోగమే. ఆ పళ్ళ డాక్టరుకు ఇంకో చోట దొరక్కపోదు."

"ఆ పని ఆవిడకే ఇచ్చారు."

"సరేలే, వాళ్ళకి మనిషిని చూసే కన్ను లేదు" అన్నాడు అతను ఉదారంగా. టకటకా గళ్ళు నింపుతున్నాడు. ముఖంలో నాలుగు నెలల బరువు దిగింది. "ఒక మాట చెప్పనా? మా అమ్మకి చేసిన సేవ ఊరికే పోలేదు. దేవుడు గుర్తుపెట్టుకున్నాడు."

ఆమె సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది. కడుక్కోవడం అయిపోయాక కూడా కొళాయి కట్టలేదు.

"ఏమండీ, అత్తయ్యకి మొదటి ఏడాది కుడిచెయ్యి కదిలేదా?"

"ఏంటి?"

"కుడిచెయ్యి. మొదట్లో కాస్త కదిలేదా?"

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఏమో. నాకెలా తెలుస్తుంది? చూసుకున్నది నువ్వేగా" అని, తర్వాతి గడికి వెళ్ళాడు.