బయట ఆరేసిన దుప్పటి

బెల్టు బాబాయికి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. కరెంటు కర్మాగారంలో బొగ్గుని యార్డు నుంచి బాయిలరు దాకా మోసుకుపోయే పొడవాటి రబ్బరు బెల్టు ఒకటి ఉండేది. దాని పక్కన నిలబడి రాళ్లు ఏరెయ్యడం, ఏదైనా అడ్డం పడితే ఆపడం, మళ్లీ నడిపించడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే. అరిచి అరిచి గొంతు అలాగే స్థిరపడిపోయింది. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగితే వీధి చివరి వాళ్లకి దాహం వేసేది.

ఇప్పుడా బెల్టు లేదు. చిమ్నీ ఉంది గానీ పొగ లేదు. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదని నీళ్లతో కలిపి వదిలే చెరువుని ఎండగట్టి, దాని నిండా సోలార్ పలకలు పరిచారు. పాతవాళ్లలో కొందరిని అక్కడ పనిలోకి తీసుకున్నారు. పలకలు తుడిచే యంత్రాన్ని చూసుకునే పని బాబాయికి దొరికింది. పని తేలికే, ఆ నిశ్శబ్దమే మోయలేకపోతున్నాడు. అప్పట్లో మధ్యాహ్నం డబ్బాలు విప్పితే బెల్టు దగ్గరి జట్టంతా ఒకచోట చేరి, ఒకళ్ల కూర ఒకళ్లు లాక్కుని, గొంతు చించుకుని పోట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు పలకల వరసల మధ్య ఒక్కడే కూర్చుని డబ్బా మూత తీస్తే, ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడుతున్నాడు. ఊరుకోలేక అప్పుడప్పుడు యంత్రంతో మాట్లాడతాడు. అదేం బదులు చెబుతుంది?

ఇంటికొస్తే అక్కడా అంతే. ఇంటావిడ లేదు. లేదంటే పోయిందని కాదు, పక్క జిల్లాలో చెల్లెలి దగ్గర ఉంది. ఆ తేడా నలుగురికీ చెప్పుకోవడానికి బావుంటుంది గానీ, సాయంత్రం తాళం తీసుకుని చీకటి గదిలోకి అడుగుపెట్టే మనిషికి పెద్దగా పనికిరాదు.

ఆవిడకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మూడేళ్ల కిందట, ఈ గాలిలో ఉంటే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చెల్లెలు వచ్చి తీసుకెళ్లింది. అక్కడ కూడా ఆవిడ కుర్చీలో కూర్చునే ముందు అరచేత్తో ఒకసారి తుడుస్తుందట, మా ఇల్లంత మురిగ్గా ఉందా అక్కా అని చెల్లెలు చిన్నబుచ్చుకుందట. మురికని కాదు పాపం, కర్మాగారం కాలనీ అలవాటు. ఈ కాలనీలో కంచాలు బోర్లించే పెడతారు, బట్టలు గదిలో తాడు కట్టి ఆరేస్తారు. బయట ఆరేస్తే చిమ్నీ బూడిద పడి తెల్ల చొక్కా సాయంత్రానికి మబ్బు రంగుకి తిరిగేది. కిటికీల సందులకి కాగితం అంటిస్తారు. చుట్టమొస్తున్నాడంటే పాత కాగితం మీద కొత్త కాగితం అంటించడం ఆ కాలనీలో మర్యాద. ఎన్ని పొరలుంటే ఆ ఇంట్లో అంత ప్రేమ ఉన్నట్టు లెక్క.

సరే, ఆవిడ వెళ్లింది ఆరోగ్యం కోసం. ఫోనులో కూడా పలకడం మానేసింది మాత్రం వేరే కారణానికి. అది బాబాయి స్వయంకృతం.

ఆవిడ వెళ్లిన కొన్నాళ్లకి, కర్మాగారం మూసేస్తారన్న మాట పుట్టిన రోజుల్లో, ఒక ఇంజనీరమ్మ వచ్చి అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలు పడ్డాయి: తక్కువ కార్బన్ ఆర్థిక వ్యవస్థ. చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేలా ఉంది, కాస్త మా భాషలో చెప్పమ్మా అన్నాడు పక్కింటి వెల్డరు. ఇంజనీరమ్మ విసుక్కోలేదు. కరెంటు ఉండాలి, పని ఉండాలి, ఇల్లు గడవాలి, ఇవన్నీ బొగ్గు కాల్చకుండా జరగాలి, అంతే అంది. చిమ్నీలోంచి కంటికి కనపడని కార్బన్ పోయి లోకమంతా వేడెక్కుతోంది, కనపడే బూడిద మీ ఇళ్ల మీద పడుతోంది, రెండూ ఒకే గొట్టంలోంచి వస్తున్నాయి అంది. ఉద్యోగం పోయేవాళ్లకి వేరే ఉద్యోగం చూపించకపోతే ఈ మార్పు సగమే అయినట్టని కూడా అంది. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. మూసేస్తారన్న ఒక్క ముక్క విన్నాక ఇంకేం ఎక్కుతుంది?

బాబాయి లేచాడు. ఆయనకి మైకు అక్కర్లేదు.

"ముప్పై ఏళ్లుగా ఈ గాలే పీలుస్తున్నాను. నా ఇంట్లో ఎవరికీ చిన్న దగ్గు కూడా రాలేదు."

హాలు చప్పట్లతో మోగిపోయింది. బాబాయి భార్యకి ఊపిరందనప్పుడు చేతుల మీద ఎత్తుకుని వ్యాను ఎక్కించిన వెల్డరు కూడా కొట్టాడు చప్పట్లు. బాబాయి భయం అబద్ధం కాదు. ఆవిడ మందులన్నీ కర్మాగారం ఆసుపత్రి నుంచే వచ్చేవి, ఉద్యోగం పోతే అవెక్కడివి? కానీ పెద్దమనిషి భయంగా ఉందని చెప్పలేదు, దగ్గే లేదన్నాడు. ఎవరో దాన్ని ఫోనులో వీడియో తీసి ఊరంతా పంచారు. తిరిగి తిరిగి అది మరదలి ఫోనులోకీ చేరింది. ఆవిడ చూసిందట. ఫోను చెల్లెలి చేతిలో పెట్టేసి, గాలి కోసం కిటికీ దగ్గరికెళ్లి నిలబడిందట. ఆ రోజు నుంచి బాబాయి ఎప్పుడు ఫోను చేసినా ఒకటే జవాబు. అక్క పడుకుంది బావా.

పొగ ఆగిన ఆరు నెలలకి బాబాయి ధైర్యం కూడగట్టుకుని మరదలితో అన్నాడు, ఒక్కసారి వచ్చి చూడమను, నచ్చకపోతే మళ్లీ అడగను అని. ఈసారి కూడా కాదంటే ఇక ఈ జన్మకి ఒంటరి బతుకేనని ఆయనకి తెలుసు. రెండు రోజుల తరవాత మరదలే ఫోను చేసింది. ఆదివారం పొద్దున్న వస్తాం, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాం, ఆశలు పెట్టుకోకు బావా అంది. ఆశలు పెట్టుకోకు అంటే మానేసే మనిషి ఎక్కడైనా ఉంటాడా?

శనివారమంతా బాబాయి నడుం వంచి పనిచేశాడు. పరుపు గదిలోనే పెట్టి కర్రతో బాదాడు. చీరల పెట్టె దులిపాడు. ఉన్న రెండు తెల్ల దుప్పట్లలో తనది ఉతికి, గదిలో తాడు మీద వేశాడు. ఆవిడది ముట్టుకోవడానికి మనసొప్పలేదు, మూడేళ్లుగా మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆఖరికి పిండి ఉడికించి జిగురు చేసి, కిటికీలన్నిటికీ కొత్త కాగితం అంటించాడు, సందు వదలకుండా, ఒకటికి రెండు పొరలు. ఇంత ప్రేమగా ఆ ఇల్లు ఎన్నడూ మూతపడలేదు.

ఆదివారం ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. సన్నబడింది. గది నాలుగు పక్కలా చూసింది. తాడు మీది దుప్పటిని చేత్తో తడిమింది. బాబాయి నోరు తెరిచేలోగా దగ్గు మొదలైంది. ఒకటి, ఇంకొకటి, ఆ తరవాత ఆగలేదు. చెల్లెలు రెక్క పట్టుకుని బయటికి నడిపించి అరుగు మీద కూర్చోబెట్టింది.

"చెప్పానా అక్కా. పొగ పోయినా ఈ ఇల్లు నీకు పడదు. పద, మధ్యాహ్నం బస్సుంటే దానికే పోదాం."

బాబాయి మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. చిమ్నీలో పొగ లేదు, ఆకాశం అద్దంలా ఉంది, మరి ఈ మనిషికి ఎందుకు ఊపిరాడటం లేదు? అయిపోయింది, ఇక రాదు అనుకున్నాడు. అరుగు మీద, బయట గాలిలో, ఆవిడ దగ్గు మెల్లగా తగ్గుతోంది. తగ్గాక ఆవిడ, ఆ హాలు మాట విన్న తరవాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"కిటికీ ఎందుకు తియ్యలేదండీ?"

బాబాయి కిటికీ వంక చూశాడు. కిటికీ తీయొచ్చన్న సంగతి ఈ ఆరు నెలల్లో ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ మాటకొస్తే కాలనీలో ఎవరికీ తట్టలేదు, ఒక్క ఇంటి కిటికీ తెరిచి లేదు. ముప్పై ఏళ్ల బూడిదని లోపల పెట్టి, దానికి బయటి నుంచి మంచి గాలి తగలకుండా ఆయన ప్రేమగా కాగితం అంటించాడు.

గ్లాసు కింద పెట్టి పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. కాగితం చించాడు. దాని కింద కాగితం, దాని కింద కాగితం, అడుగున ఎప్పటిదో పెళ్లయిన కొత్తల్లో ఆవిడ అంటించిన పూల కాగితం. దాన్ని కూడా చించాడు. కిటికీ రెక్కలు బిగుసుకుపోయాయి. ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు, రాలేదు. ఇంకా కొట్టాడు. చట్రం ఊడి వీధిలోకి పడింది, వెంట ఇంత బూడిద రాలింది. చప్పుడుకి చుట్టుపక్కల వాళ్లు బయటికొచ్చారు. ఇదేం పని బాబాయ్, బంగారంలాంటి కిటికీ అన్నాడు వెల్డరు.

బాబాయి ఆ కన్నంలోంచి చూశాడు. అరుగు మీద ఆవిడ, చుట్టూ ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది. ఆయనకి ఉన్నదొక్కటే గొంతు, దాంతోనే చెప్పాడు.

"మా ఆవిడకి ఊపిరాడదు. ఈ బూడిదే తినేసింది ఆమెని. ఆ రోజు హాల్లో నేను అబద్ధం చెప్పాను."

వీధి చివరి దాకా వినపడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెల్డరు తల దించుకుని వాళ్ల ఇంటి కిటికీ వైపు చూశాడు.

మధ్యాహ్నం బస్సుకి ఆవిడ లేవలేదు. సాయంత్రం బయల్దేరే ముందు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లి, తాడు మీద ఇంకా చెమ్మగానే ఉన్న దుప్పటి తెచ్చి, వీధిలో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి దాని మీద వేసింది. కాలనీలో అలా బయట బట్ట ఆరేసిన మనిషిని ఎవరూ చూడలేదు.

"ఆరాక ఎలా ఉందో చెప్పండి," అని బస్సెక్కింది.

బాబాయి మర్నాడు పనిలోంచి నేరుగా దుప్పటి దగ్గరికే వచ్చాడు. రెండు చేతులా పట్టుకుని వెలుగులో చూశాడు, తిరగేసి చూశాడు, అరచేత్తో తుడిచి అరచెయ్యి చూసుకున్నాడు. లోపలికెళ్లి, చట్రం లేని కిటికీ పక్కన కూర్చుని ఫోను చేశాడు. అక్క పడుకుంది బావా అన్న మాట కోసం చెవి సిద్ధంగానే ఉంది. ఎత్తింది ఆవిడే.

"ఆరింది. తెల్లగానే ఉంది," అన్నాడు. ఎంత ప్రయత్నించినా గొంతు పెద్దదిగా రాలేదు.



"అయితే నా దుప్పటి కూడా ఉతికి ఆరెయ్యండి," అంది ఆవిడ.