వెయ్యని కేక

సముద్రం మీద తిమింగిలం ఊపిరి కనబడితే వాటిని వేటాడి బతికే లమలెరా ఊళ్లో ఎవరైనా సరే కేక వెయ్యాలి. "బలెయో!" అని ఒకే ఒక్క కేక. చేపలు ఎండబెట్టుకునే ముసలమ్మ వేసినా, ఇంటికప్పు సరిచేసుకునేవాడు వేసినా, విన్నవాడు దాన్ని అందుకుని అవతలివాడికి వినబడేలా మళ్లీ వేస్తాడు. ఆ కేక ఊరు చుట్టేసరికి మగవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలేసి పడవల దగ్గరికి పరిగెడతారు. ఒకసారి చర్చిలో పూజ మధ్యలో ఫాదరుగారే కిటికీలోంచి చూసి కేక వేశారని, ప్రసంగం అక్కడితో సరి అని నవ్వుకుంటారు. చూసి కూడా నోరు మూసుకున్నవాడు మాత్రం ఆ ఊళ్లో పుట్టలేదనుకునేవారు.

పుట్టాడు. పేరు సిప్రి. వయసు ముప్పై రెండు. ఈ ఏడాది 'పగి తెరంగ్' అనే చిన్న ఓడ మీద పనికి కుదిరాడు. పద్నాలుగుమంది యాత్రికులను ఎక్కించుకుని దీవి నుంచి దీవికి తిరిగే ఓడ అది. ముందు కొసన నిలబడి డాల్ఫిన్లనూ తిమింగిలాలనూ పసిగట్టి వాళ్లకు చూపించడం సిప్రి పని. చేరిన రోజే కప్తాన్ మప్ప తేల్చి చెప్పాడు.

"నాకు నీ కళ్లు కావాలయ్యా, నోరు అక్కర్లేదు. నువ్వు అరిచావంటే మీ ఊరి పడవలొచ్చి వాలతాయి. వీళ్లొచ్చింది బతికున్నదాన్ని చూడ్డానికి. కళ్లముందే బల్లెం దిగితే మళ్లీ ఎవడైనా మన ఓడెక్కుతాడా?"

సిప్రి తలూపాడు. అంతకు రెండు రోజుల ముందు ఇంకో మాటకు కూడా తలూపాడు. అతని మేనమామ క్రిస్పిన్ పడవ ముందు నిలబడి బల్లెంతో తిమింగిలం మీదికి దూకే మనిషి. "ఓడంటే ఎత్తు కదరా, మాకంటే ముందు నీకే కనపడుద్ది. కనపడగానే ఒక్క ఫోన్ కొట్టు చాలు" అన్నాడాయన. సిప్రి "సరే మామా" అన్నాడు. అందరికీ సరే అనడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఆ రోజు పొద్దున్న ఎండ ఇంకా ముదరలేదు. దూరంగా నీళ్ల మీద తెల్లటి తుంపర లేచి, ముందుకు, ఎడమ పక్కకు ఒరిగింది. అలా ఒరిగే ఊపిరి తమ ఊరివాళ్లు వేటాడే తిమింగిలానిదే. సిప్రి చడీ చప్పుడూ లేకుండా చెయ్యెత్తాడు. మప్ప ఇంజను తగ్గించాడు.

తిమింగిలం ఓడకు దగ్గరలోనే తేలింది. నల్లటి వీపు మీద నీళ్లు జారుతున్నాయి. సురబాయా నగరం నుంచి వచ్చిన రెత్నోవతి అనే పెద్దావిడ, నర్సుగా చేసి రిటైరైనావిడ, పలకలాంటి కెమెరా ఫోను రెండు చేతులా పట్టుకుని ఏడుస్తూనే ఫొటోలు తీసింది. "బాబూ, ఎంత మెల్లగా ఊపిరి తీస్తోందో చూడు! నీ రుణం ఉంచుకోను" అంది. సిప్రి నవ్వాడు. సరిగ్గా అప్పుడే ఆమె తల మీదుగా తూర్పున తాటాకు తెరచాప కనిపించింది. ఎడమ మూలన పడిన అతుకు తను అల్లిందే. అది మామ పడవ.

ఫోను జేబులోనే ఉంది. సిగ్నలూ ఉంది. సిప్రి జేబు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాడు. మప్ప కూడా తెరచాపను చూసినట్టున్నాడు, ఓడను అడ్డంగా తిప్పాడు. తిమింగిలం తోక పైకెత్తి మునిగి దక్షిణానికి పోయింది. తెడ్లతో నడిచే పడవలు అంత దూరం రాలేవు. దానిదీ ప్రాణమే కదా అని సిప్రి తనకు తాను చెప్పుకున్నాడు. నిజమే. కానీ ఆ నిజం అతనికి ఓడలో జీతం కుదిరాకే గుర్తుకొచ్చింది. పైగా ఇది మూడోసారి. మొదటిసారి గుండె దడదడలాడింది, రెండోసారి ముఖం మాత్రం వేడెక్కింది, ఈసారి అదీ లేదు. తనలో ఏదో చచ్చుబడిపోయిందని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం భోజనాలకని ఓడను ఒక మలుపులో లంగరు వేశారు. యాత్రికులు కాల్చిన చేపా అన్నమూ తింటుండగా మామ పడవ నేరుగా ఓడ దగ్గరికి వచ్చింది. సిప్రి కంచం పక్కన పెట్టి కమ్మీ దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్ సిప్రీ! బుగ్గలొచ్చాయేంట్రా? ఓడ తిండి బాగా పట్టిందే!" అని మామ కిందినుంచి అరిచాడు. తెడ్లు వేసేవాళ్లు నవ్వారు. మాటలన్నీ ఊరి భాషలో. ఓడ మీదివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

"ఇటొచ్చావేంటి మామా?"

"నీకోసమేరా. దిగమాకు, అక్కడే ఉండి విను." క్రిస్పిన్ మామ తల మీది టోపీ తీశాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. "ఈ ఏడు పడవ ఒట్టిదే తిరుగుతోంది. సముద్రం మొహం చాటేసిందంటే ఒడ్డు మీద ఎవడో తప్పు చేసినట్టే కదా. ముందు నా ఇంట్లోనే వెతుక్కున్నా. పోయిన నెల మీ అత్తని నలుగురిలో కసిరాను. కాళ్లు పట్టుకున్నా. ఊరికే వదిలిందనుకున్నావా? రెండు రోజులు బెట్టు చేసింది. తమ్ముడితో కొబ్బరిచెట్ల తగువుంది, ఏడు చెట్లూ వాడికే వదిలేశా. అయినా ఒక్క తిమింగిలం కనపడట్లా. ఇంక నువ్వొక్కడివే మిగిలావు."

"నేనా? నాకేం చేశావు మామా నువ్వు?"

"నువ్వు ఓడెక్కిన రోజు కల్లు తాగి వాగాను. వీడు కూటికి అమ్ముడుపోయాడు, వీడి చేతికి నా బల్లెం ఇవ్వను అని అందరి ముందూ అన్నా. ఆ మాటే మాకు అడ్డం పడుతోంది. తప్పయిపోయిందిరా అయ్యా. క్షమించానని అందరికీ వినపడేలా ఒక్క మాట చెప్పు."

తండ్రి పోయాక తనను పెంచిన మనిషి, బల్లెం పట్టడం నేర్పిన మనిషి, ఎండలో బట్టతలతో నిలబడి తనను బతిమాలుతున్నాడు. రెత్నోవతి పక్కకొచ్చి, "పెద్దాయన ఏమంటున్నారు బాబూ?" అంది.

"మా మామేనమ్మా. బాగున్నావా అని అడుగుతున్నాడు" అన్నాడు సిప్రి. తర్వాత కిందికి చూసి, "క్షమించాను మామా" అన్నాడు.

ఆ మాట అన్నందుకు సిగ్గు వేసింది. మామ మాత్రం టోపీతో కళ్లు తుడుచుకుని, "హమ్మయ్య, పీడ విరగడైంది. విన్నార్రా?" అన్నాడు పడవలోవాళ్లతో. వాళ్లు సంతోషంగా తెడ్లతో పడవ అంచు మీద దరువేశారు.

అందరూ అంత సంతోషంగా ఉండేసరికి రెత్నోవతికీ ఏదో ఒకటి పంచుకోవాలనిపించింది. కమ్మీ మీంచి వంగి అందరికీ తెలిసిన దేశభాషలో పలకరించింది.

"పెద్దాయనా, మీ మేనల్లుడివి మామూలు కళ్లు కావండీ! పొద్దున్న మాకేం చూపించాడో చూడండి."

"వద్దమ్మా" అన్నాడు సిప్రి. ఆమె అప్పటికే ఫోను కిందికి అందించేసింది. మామ చేతులు చొక్కాకు తుడుచుకుని జాగ్రత్తగా అందుకున్నాడు. ఫొటో నిండా తిమింగిలం వీపు. దాని వెనక, మూలన, చిన్నగా ఒక తాటాకు తెరచాప. దాని ఎడమ మూల అతుకు. పక్కనున్నవాళ్లు వంగి చూశారు. దరువు ఆగిపోయింది.

"పెద్దదేనమ్మా. మంచి ఫొటో" అన్నాడు మామ మర్యాదగా. "రోజూ చూపిస్తాడా?"

"ఇంతకుముందు వచ్చినవాళ్లకి కూడా రెండుసార్లు చూపించాడట. మా అదృష్టం!"

మామ ఫోను రెండు చేతులతో ఆమెకు తిరిగిచ్చాడు. మళ్లీ ఊరి భాషలోకి వచ్చాడు.

"అయితే మీ అత్త కాళ్లు ఊరికే పట్టుకున్నానన్నమాట."

అంతకు ముందు నిమిషం వరకూ సిప్రి వంక చూసి పళ్లికిలించినవాళ్లు ఇప్పుడు నీళ్ల వంక చూస్తున్నారు. తిడితే బాగుండు, ఒక్కడైనా తిట్టాడు కాదు. సిప్రి కమ్మీ మీంచి ఒక కాలు అవతల వేశాడు.

"మామా, దిగి వచ్చేస్తా. ఓడా వద్దు, ఏమీ వద్దు. నేనూ తెడ్డేస్తా."

తెడ్లవాళ్ల మధ్య ఒక బల్ల ఖాళీగా ఉంది. మామ దాని వంక చూశాడు. వంగి, కాళ్ల దగ్గర చుట్టగా పడున్న బల్లెం తాడును ఎత్తి ఆ బల్ల మీద పెట్టాడు.

"చోటు లేదురా."

"మామా, తప్పయిపోయింది..."

"నాకు చెప్పి ఏం లాభం?" ఆయన గొంతులో కోపం లేదు. ఒట్టి అలసట. "మీ అమ్మ రోజూ పొద్దుగూకే వేళకి మాంసం వాటాకని గంపట్టుకుని ఇసుకలోకొస్తది. మావాడు ఫోన్ చేశాడా అన్నయ్యా అని అడుగుద్ది. చూస్తే చెయ్యకుండా ఉంటాడా చెల్లీ, కనపడి ఉండదులే అని నేనే సర్దిచెప్పి పంపిస్తున్నా. ఇవాళ కూడా వస్తది. ఏం చెప్పమంటావు?"

ఒక కాలు ఓడలో, ఒక కాలు బయట పెట్టుకుని సిప్రి అలాగే ఉండిపోయాడు. మామ జవాబు కోసం కాసేపు నిజంగానే ఆగాడు. తర్వాత టోపీ పెట్టుకుని, పదండ్రా అన్నాడు.