బకెట్ల చుట్టూ నడిచిన రాజు

వీధి చివరి హాలు కప్పు కారుతుందని అందరికీ తెలుసు. తెలియనట్టు కూర్చున్నది మునిసిపాలిటీ ఒక్కటే. వానాకాలమంతా వీధివాళ్ళు స్టేజీ మీద బకెట్లు పెట్టుకుని, వాటిని తప్పుకుంటూనే నాటకం నేర్చుకున్నారు. నేర్పింది ఆ వీధి దర్జీ. పగలు బట్టలు కుట్టేది, సాయంత్రం నాటకం ఆడించేది. మాట తెగ్గొట్టినట్టు ఉంటుందని వీధంతా కత్తెరత్త అనేవాళ్ళు. బస్సు కండక్టర్ని రాజును చేసింది, ఆసుపత్రి నర్సుని రాణిని చేసింది. పొద్దంతా నిలబడి కాళ్ళు లాగుతున్నా, సాయంత్రానికి ఒళ్ళు మరిచి నటించేవాళ్ళు. నాటకాలు పనిలేనివాళ్ళ సరదా అనే పెద్దమనుషులు ఒక్కసారి వచ్చి వీళ్ళని చూడాల్సింది!

ప్రదర్శన రోజున మునిసిపల్ ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. హాలు ఉంచాలో మూసెయ్యాలో ఆయనే తేలుస్తాడట. వీధి సంఘం కార్యదర్శి కత్తెరత్తకి మరిది. కబురు వినగానే పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, ముందా బకెట్లు తీసెయ్. కారుతుందని తెలిస్తే ప్రమాదమని తాళం వేసి పోతాడు."

"కారేదాన్ని కారట్లేదని ఎలా అంటాం?"

"అనొద్దు. నోరు మూసుకో చాలు. ఒక్క పూట!"

"నీ పెళ్ళికీ ఒక్క పూట నోరు మూసుకోమన్నావు. ఇప్పటికీ తెరవనివ్వట్లేదు," అంది.

కానీ హాలు పోతే వీళ్ళంతా ఎక్కడికి పోతారు? ఎలాగూ మబ్బు కూడా లేదు. తనే బకెట్లు మోసుకెళ్ళి వెనక గదిలో పెట్టింది.

తెర లేచింది. రాజు కోపంగా వస్తూ వస్తూ, ఏమీ లేని చోట చటుక్కున పక్కకి జరిగి, మళ్ళీ తిన్నగా నడిచాడు. రాణి ఏడుస్తూ వచ్చి, అదే చోట చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చుట్టూ తిరిగి వచ్చింది. వెనకే భటులు బారుగా మెలికలు తిరుగుతూ నడిచారు. సంగతి తెలిసిన వీధి జనం కడుపుబ్బ నవ్వారు.

ముందు వరసలో ఇంజనీరు కత్తెరత్త వైపు వంగాడు. "ఏంటమ్మా, అందరూ వంకరగా నడుస్తున్నారు? ఏదైనా అర్థం ఉందా?"

మరిది వెనకనుంచి పొడిచాడు. "ఉందని చెప్పు వదినా, గొప్ప అర్థం ఉందని చెప్పు."

ఆమె స్టేజీ వైపు చూసింది. అంత నవ్వులోనూ కండక్టర్ గొంతు తొణకలేదు, నర్సు కన్నీళ్ళు ఆగలేదు. కారే కప్పు కింద ఇంత నేర్చినవాళ్ళు తప్పు చేసినట్టు దాక్కోవాలా? సిగ్గుపడాల్సింది వీళ్ళా?

లేచి వెళ్ళి బకెట్లు తెచ్చింది. ఆట మధ్యలోనే స్టేజీ ఎక్కి ఎక్కడివక్కడ పెట్టింది. రాజూ రాణీ ఆగలేదు. పక్కనుంచి దర్జాగా నడిచిపోయారు.

"ఇదీ అర్థం," అంది ఇంజనీరుతో. "తాళం వేస్తారో, కప్పు వేస్తారో చెప్పండి. తాళమైతే మేం లోపలే ఉంటాం."

"మేమూ!" అని ఎవరో అరిచారు. ఆ మాటని వరస వెంట వరస అందుకుంది.

"ఇంతమంది వస్తారని మాకెవరూ చెప్పలేదమ్మా," అన్నాడు ఇంజనీరు.

"చెప్పాం. మీరు రాలేదు."

ఆయన బకెట్లు లెక్కపెట్టాడు. "కప్పే వేయిస్తాను. ముందు ఆట కానివ్వండి, ఆ రాజు ఏమవుతాడో చూడాలి."

మాట నిలబెట్టుకున్నాడు. కొత్త కప్పు కింద, పొడిగా ఉన్న స్టేజీ మీద మళ్ళీ నాటకం వేశారు. రాజు అలవాటుగా పక్కకి జరిగాడు.

"బకెట్లు లేవని వాళ్ళకి ఇంకా చెప్పవేం వదినా?" అన్నాడు మరిది.

"ఉండనీ. మునిసిపాలిటీ పని కదా, రెండు వానలు చూశాక చెబుతా."