ఫ్యాన్ తిరిగేదాకా

"ముందు కింద బోల్టా, పైన మూతా?" అని అడిగాడాయన. పెరటి గచ్చుమీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసుకుని మోటార్‌సైకిల్ పొట్టకిందికి తొంగిచూస్తున్నాడు.

"కింద బోల్టే," అంది చెల్లెలు.

"ఎందుకని?"

"పై మూత ముందే తీసి ఉంచితే, కింద బోల్టు ఊడగానే నీళ్ళన్నీ ఒక్కుమ్మడిగా వచ్చి నీ మొహాన పడతాయి కనక."

ఆయనకు ఆ జవాబు బ్రహ్మాండంగా నచ్చింది. అలా పడుకునే రెండుసార్లు తల ఊపాడు.

ఊరికి నీళ్ళు వదిలే పంపుహౌసులో ఆయన ఆపరేటరు. జుట్టు నెరిసేదాకా ఆ ఒక్క ఉద్యోగమే చేశాడు. పై అధికారి ఎప్పుడూ మెచ్చుకున్నది లేదు, తిట్టిందీ లేదు. బక్కపలచని మనిషి. రాత్రంతా మోటార్ల హోరులో కూర్చునేవాడు కాబట్టి ఇంట్లో కూడా కాస్త గట్టిగానే మాట్లాడతాడు. వీధిలో అందరూ ఆయన్ని ఆరాలాయన అంటారు. కొత్త తాళం కొంటే దాన్ని విప్పి చూసిగానీ తలుపుకు వెయ్యడు. ఒకప్పుడు ఒకామె ఆయన్ని చేసుకోవడానికి ఇష్టపడింది కూడా. మాట్లాడడానికని వాళ్ళింటికి వెళ్ళినవాడు, వాళ్ళ ఫ్రిజ్ వెనకనుంచి వచ్చే టకటక ఏమిటా అని వంగి చూస్తూ ఉండిపోయాడు. ఫ్రిజ్ బాగుపడింది, సంబంధం చెడింది. చెల్లెలు ఈ కథ ఎప్పుడు చెప్పినా, "అది కంప్రెసరు కింద రబ్బరు అరగడం వల్ల," అని ఆయన ఇప్పటికీ సంజాయిషీ ఇస్తాడు.

చెల్లెలు నర్సు. పెళ్ళిమీదికి ఆమెకూ మనసు పోలేదు. అమ్మానాన్నలు పోయాక ఈ రెండు గదుల ఇంట్లో అన్నాచెల్లెళ్ళిద్దరే ఇన్నాళ్ళూ పోట్లాడుకుంటూ హాయిగా బతికారు. ఇప్పుడామెకు కొండమీది ఆరోగ్య కేంద్రానికి బదిలీ అయింది. అక్కడే ఉండడానికి గది ఇచ్చారు. మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరాలి.

అసలు చిక్కంతా బండిది. ఊళ్ళో ఆసుపత్రికీ ఇంటికీ తిరిగినన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న బండి, మొన్న ఆమె గది చూసి రావడానికి కొండెక్కుతుంటే సగం దారిలో పొగలు కక్కింది. అందుకే ఇవాళ ఇంజన్‌ను చల్లబరిచే పాత కూలెంట్ తీసేసి కొత్తది పొయ్యాలి. ఆపైన ఇంజన్ వేడెక్కి, రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరిగి, మళ్ళీ చల్లబడాలి. అదంతా కళ్ళారా చూశాకే బయలుదేరతానని, లేకపోతే రేపటికి మార్చుకుంటానని ఆమె ముందే అంది. ఒకరోజు ఆలస్యమైతే అక్కడివాళ్ళు ఏమైనా అంటారా అని ఆయన ఆరా తీశాడు కూడా. ఏమీ అనరు, ఒక్క ఫోన్ చేస్తే చాలునట.

చాలు కాబట్టే, పొద్దున్నే ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఒక పని చేశాడు. కొత్త సామాను పొట్లం విప్పి, కింద బోల్టుకు వెయ్యాల్సిన రాగి వాషర్ తీసి చొక్కాజేబులో వేసుకున్నాడు. గోరంత వాషర్. అది లేకుండా బోల్టు బిగిస్తే కారుతుంది. ఇవాళ సామాన్ల కొట్టు సెలవు. దొంగతనం చేసిన మొహంతో వచ్చి బండిపక్కన కూర్చున్నాడు. అప్పట్నుంచీ జేబుమీద చెయ్యి తీస్తే ఒట్టు.

బోల్టు వదులైంది. బేసిన్‌లోకి సన్నటి ధార మొదలైంది. చెల్లెలు పై మూత తిప్పి తీసేసరికి ధార లావెక్కి బొళబొళమని పడింది. అది పచ్చగా లేదు. కాచి కాచి వదిలేసిన టీలాగా ఎర్రగా, మడ్డిగా ఉంది.

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "పచ్చగా ఉండాలన్నావుగా?"

"ఉండాలి. దాన్లో నీళ్ళెవరు కలిపారు?"

"నేనే. తగ్గినప్పుడల్లా కాస్త కాస్త పోశా. మన కుళాయి నీళ్ళే కదా, మంచివే! నా చేత్తో వదిలిన నీళ్ళు. ఊరంతా తాగుతోంది."

"ఊరు తాగుతుందన్నయ్యా, ఇంజన్ తాగదు. మన కెటిల్లో అడుగున తెల్లగా గార కట్టదూ? దీన్లోనూ అంతే. సన్నగొట్టాలన్నీ పూడుకుపోతాయి. పైగా తుప్పు."

ఆయన మూతి ముడుచుకున్నాడు. తన నీళ్ళను ఎవరైనా ఒక్కమాటంటే పడడు. అయినా చూడకుండా ఉండలేడు కదా! టార్చి తెచ్చి రేడియేటర్ నోట్లోకి వెలుగు వేశాడు. లోపల పలకలమీద సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చులు కనిపించాయి. పుల్లతో ఒకదాన్ని గీకి గోటిమీద పెట్టుకుని నలిపాడు. అనుమానం లేదు, తమ కెటిల్లోని గారే. బేసిన్‌లో వేలు ముంచి వాసన చూశాడు. తియ్యటి వాసన.

"నాలుక్కి రాసుకున్నావంటే చూడు! అది విషం," అని చెల్లెలు చెయ్యి పట్టుకుని లాగింది. గోడమీదుగా పక్కింటి పిన్ని తొంగిచూసి, "పొద్దున్నే ఎవర్ని కోస్తున్నావు నాయనా, అంత రక్తం?" అంది. "నా పరువును, పిన్నీ," అన్నాడాయన.

కడగడానికే కదా అని పాత వాషర్‌తోనే బోల్టు పెట్టి, గార కరిగే మందు కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజన్ కాసేపు తిప్పి, పూర్తిగా చల్లారాక వంచేశారు. ఎర్రగా వచ్చింది. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడిగారు. లేతగా వచ్చింది. మళ్ళీ కడిగారు. ఆఖరికి తేటగా వచ్చినప్పుడు ఆయనకు పండగలా అనిపించింది. అప్పుడే, బేసిన్ మార్చుతూ, ఉండబట్టలేక అడిగాడు.

"మొన్న కొండమీద ఆగిపోయినప్పుడు ఏం చేశావు? నాకు చెప్పనే లేదు."

"ఏం చేస్తాను? చల్లారేదాకా రాయిమీద కూర్చున్నా. చీకటి పడుతోంది. ఒక్క బండీ రాలేదు. ఫోన్ అందలేదు." స్పానరు తుడుస్తూ ఆమె మామూలుగానే చెప్పింది. "ఆసుపత్రిలో ఎన్ని చూశాను! కానీ ఆరోజు మాత్రం భయమేసిందన్నయ్యా. నిజంగా భయమేసింది."

అప్పుడు అర్థమైందాయనకు. తాను పోసిన నీళ్ళే, ఆ చీకట్లో చెల్లెల్ని అక్కడ కూర్చోబెట్టినవి.

"వాషర్ ఏదీ?" చెల్లెలు పొట్లమంతా దులుపుతోంది. "పొద్దున ఉంది. ఇప్పుడు లేదు. పాతది అణిగిపోయింది, వేస్తే కారుతుంది. ఇక రేపే బయలుదేరాలేమో."

ఆయన ఎదురుచూసిన మాట అది. ఊరుకుంటే చాలు. సాయంత్రం డ్యూటీకి వెళ్ళేముందు ఇద్దరూ కలిసి టీ తాగొచ్చు, ఇంకొక్క పూట పోట్లాడుకోవచ్చు. కానీ కొత్త కూలెంట్ డబ్బా ఎదురుగా ఉంది, మూతదగ్గర పచ్చగా మెరుస్తోంది. అది లోపలికి వెళితే ఏమవుతుంది? ఇంత కడిగాక ఆ గొట్టాలు తెరుచుకున్నాయా, లేదా? తెరుచుకోకపోతే చెల్లెలు మళ్ళీ ఆ రాయిమీద కూర్చుంటుందా? ఆ సంగతి రేపటిదాకా తెలియకుండా ఈ రాత్రి ఎలా నిద్ర పడుతుంది!

"ఇదిగో, ఇక్కడుంది," అని జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె ఆయన మొహంలోకి ఒక్కక్షణం చూసింది. వాషర్ తొడిగి బోల్టు బిగించింది.

ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం! గరాటు తానే పట్టుకున్నాడు. కూలెంట్ సన్నగా పోస్తుంటే, లోపలినుంచి గుటక వేసినట్టు శబ్దం వచ్చింది. చెవి రేడియేటర్‌కు ఆనించి, "ఆగాగు, గాలి పట్టింది!" అని అరిచాడు. పెద్ద పైపుల్లో గాలి పడితే ఊళ్ళోకి చుక్క వెళ్ళదు, ఆయనకది కొట్టినపిండి. రబ్బరు గొట్టాల్ని ఒత్తి ఒత్తి వదిలాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బండిని అటూ ఇటూ వంచారు. బుడగలు పైకి వచ్చి టప్పుమని పగిలాయి. మట్టం దిగింది, మళ్ళీ పోశారు. రేడియేటర్ పక్కనుండే చిన్న డబ్బాలో కూడా రెండు గీతల మధ్యకు వచ్చేదాకా నింపి, మూతలు బిగించి, స్టార్ట్ చేశారు.

మీటర్లో వేడి చూపించే ముల్లు మెల్లగా లేచింది. ఇద్దరూ రేడియేటర్ ముందు గొంతుక్కూర్చున్నారు. ఫ్యాన్ కదలలేదు. ముల్లు ఇంకాస్త లేచింది. 'తిరక్కు, తిరక్కు' అని మనసులో ఒకమూల అనుకుంటూనే, ఇంకోమూల 'తిరుగవే తల్లీ' అని బతిమాలుకున్నాడాయన. ఉన్నట్టుండి ఫ్యాన్ ఝుమ్మని తిరిగింది. వేడిగాలి ఇద్దరి మొహాలకూ కొట్టింది.

"తిరిగింది! తిరిగింది!" అని ఎగిరి గంతేశాడు. పిన్ని గాభరాగా మళ్ళీ తల పైకెత్తింది. ముల్లు దిగింది. ఫ్యాన్ ఆగింది. ఆగాకగానీ ఆయనకు తట్టలేదు, తానేం చేశాడో. చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

భోజనం అయింది. సంచులు వెనక సీటుకు కట్టారు. చెల్లెలు బూట్లు తొడుక్కుని, హెల్మెట్ చేతిలో పట్టుకుని, గేటు దగ్గర ఆగింది.

"ఆ వాషర్ నీ జేబులోకి ఎలా వచ్చిందన్నయ్యా?"

"నేనే వేసుకున్నా."

"ఎందుకని?"

"ఇంకో పూట ఉంటావని."

ఆమె హెల్మెట్ పట్టీ సవరించింది. "మరి ఎందుకు తీసిచ్చావు?"

"నువ్వు మళ్ళీ ఆ రాయిమీద కూర్చోకూడదని." గొంతు తగ్గించి మిగతా నిజం కూడా చెప్పాడు. "ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడాలనిపించింది కూడా."

చెల్లెలు పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళు వచ్చాయి. చేతితొడుగుతోనే తుడుచుకుని, "నిన్నెవరూ బాగుచెయ్యలేరు. పైకెక్కగానే ఫోన్ చేస్తా," అంది. బండి సందు చివర మలుపు తిరిగింది. ఇంజన్ చప్పుడు నిదానంగా, నిలకడగా ఉందని ఆయన చెవికి తెలుస్తూనే ఉంది. ఆ చప్పుడూ వినపడనంత దూరం వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. చేరానంది, ముల్లు సగం దాటలేదంది. సంతోషించాడు. ఫ్యాన్ ఎన్నిసార్లు తిరిగింది, ఏ మలుపులో తిరిగింది అని అడిగాడు. అక్కడ ఎవరో పిలిచారు, ఆమె పెట్టేసింది.

డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగాడు. మెట్టుమీద ఆమె ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు, బూట్లు వేసుకునేటప్పుడు విడిచినవి, అలాగే ఉన్నాయి. ఎడమదాని మడమ బయటివైపు బాగా అరిగింది, కుడిది అరగలేదు. వంగి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు, ఆ మనిషి ఒకవైపు ఒరిగి నడుస్తుందని ఎన్నడూ గమనించలేదు. ఎందుకని? గట్టిగానే అడిగాడు, లోపలి గదిలోకి వినపడేటంత గట్టిగా.

కాసేపు చూసి, చెప్పును తీసినచోటే, ఎలా ఉన్నదో అలాగే, కొస గుమ్మంవైపు ఉండేలా పెట్టాడు.