చింతచెట్టు దాకా సాగిన పడుగు

నేను ఒక టేకు ముద్రను. అరచేతిలో ఇమిడిపోతాను కానీ, ఒకప్పుడు నేను పడందే సరుకు ఓడ ఎక్కేది కాదు. ఆ గొప్ప నాకు కొంచెం తలకెక్కిన మాట నిజమే. యానాం నేతగాళ్ల పెద్ద పంపన రామలింగం ఒక వడ్రంగి చేత నన్ను చెక్కించాడు.

యానాం అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఇక్కడ నేసిన నీలం గుడ్డకు వాళ్ల రేవుల్లో సుంకం తగ్గేది. గుడ్డ ఇక్కడిదేనని చెప్పడం నా పని. నేను పడిన బేళ్లనే షావుకారు ఎత్తేవాడు, పన్నెండు మగ్గాల ఇళ్లలో పొయ్యి వెలిగేది.

ఆ రాయితీ ఫ్రాన్సు మిల్లులవారికి కంటగింపైంది. ఒక ఉదయం, మగ్గానికెక్కించే పొడుగుదారాల పడుగుకు గంజి పెడుతుండగా, దుబాసీని వెంటబెట్టుకుని ఒక ఫ్రెంచి దొర తనిఖీకి వచ్చాడు. యానాం ఎంత ఊరు కనుక! పడుగు సాగదీయడానికి మా వీధి చాలదు. తాతల నాటి నుంచీ దాని చివర సరిహద్దు అవతల, ఇంగ్లీషువారి నేలమీది చింతచెట్టుకు కట్టేవారు. పనంతా ఇక్కడే జరుగుతుందా అని దుబాసీ అడిగాడు. ఔనని ఊరుకుంటే సరిపోయేది. రామలింగానికి అబద్ధం రాదు, పైగా తన పడుగంటే మహా గర్వం.

"ఆ చివర ఇంగ్లీషోళ్ల చింతచెట్టుకు కడతామండి. ఇంత పొడుగు పడుగు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ తియ్యలేరండి," అన్నాడు.

దొర ఓపిగ్గా రాసుకున్నాడు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. గుడ్డ కొంత పరాయి నేలమీద తయారవుతోంది కనుక రాయితీ రద్దు, ముద్ర కూడా రద్దు. ఆ మిల్లులకు పత్తి ఎక్కడెక్కడి నుంచో ఓడల్లో వస్తుందట. అయినా వాళ్ల గుడ్డ మాత్రం ఏ రేవుకు వెళ్లినా స్వదేశీయే. నోరుంటే ఆ సంగతి అడిగేదాన్ని.

షావుకారు రావడం మానేశాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి రామలింగం ఫ్రెంచి సర్కారుకు అర్జీ రాయించడానికి ఊళ్లోని పంతులు దగ్గర కూర్చున్నాడు.

"మేం మీ రాజ్యం మనుషులమా కాదా, అదొక్కటే అడగండి పంతులుగారూ."

పంతులు అలాగే రాశాడు. రామలింగానికి సంతకం రాదు. నన్ను సిరాలో అద్ది కాగితం కింద గట్టిగా నొక్కాడు. నేనూ ఒక్క అంచు చెదరకుండా పడ్డాను.

ఏడు నెలలకు అర్జీ తిరిగొచ్చింది. రద్దయిన ముద్ర వేసిన కాగితాన్ని పరిశీలించడం కుదరదని దానిమీద ఒక్క పంక్తి ఉంది. రామలింగం అది రెండుసార్లు చదివించుకున్నాడు. నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఎండిపోయిన సిరా తుడిచి, పెట్టెలో పంచెల మధ్య పెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆయన అడిగిన ఆ ఒక్క మాట ఎవరి చెవినా పడకుండా చేసింది నేనే.